విశాఖ ఇంట్లో హెడ్‌ఫోన్ల అమరిక: ఖర్చు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆగాలి

హెడ్‌ఫోన్లు కొనాలని నిశ్చయించుకున్న రోజు రాత్రి, మీరు మామూలుగా పాటలు వినే గదిలో, మామూలుగా వినే వేళకు, ఫ్యాను రోజూ తిరిగే వేగంలోనే తిరుగుతుండగా, చెవులకు ఏమీ పెట్టుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫ్యాను హోరు, పక్క ఫ్లాటులో కుక్కర్ విజిల్, కింద రోడ్డు మీద ఆటో హారన్, ఐఎన్ఎస్ డేగా నౌకాదళ విమానాశ్రయం వైపు దిగుతున్న విమానం ఒక్కొక్కటిగా చెవికి తెలుస్తాయి. మీరు కొనబోయే వస్తువు పోటీ పడవలసింది వీటితోనే. కొనుగోలుదారులకు సలహాలిచ్చే వ్యాసాలు చాలావరకు తలుపులు మూసి, చల్లగా, నిశ్శబ్దంగా ఉన్న గదిని మనసులో పెట్టుకొని రాసినవి. విశాఖపట్నంలో మార్చి నుంచి అక్టోబరు దాకా సముద్రపు తేమలో ఫ్యాను ఆపి అరగంట కూర్చోగలిగిన వారు అరుదు కాబట్టి, ఆ సలహాలను మన గదికి తగినట్లు సరిచేసుకోవాలి.

నేను ఈ లెక్క వేసుకోకుండానే మొదటి మంచి హెడ్‌ఫోన్లను ఒక డిసెంబరులో కొన్నాను. అవి వెనుక భాగం తెరచి ఉండే ఓపెన్ బ్యాక్ రకం. చలికాలం రాత్రుల్లో ఫ్యాను అవసరం లేని ఆ రెండు నెలలూ వాటి ధ్వని అద్భుతంగా ఉంది. ఏప్రిల్ వచ్చి ఫ్యాను నాలుగో నంబరుకు చేరేసరికి ఆలాపనలోని సన్నని సంగతులన్నీ రెక్కల హోరులో కలిసిపోయాయి. హెడ్‌ఫోన్లలో లోపమేమీ లేదు. నేను ఎంచుకున్న రకమే ఆ గదికి సరిపోలేదు.

తెరిచినవా, మూసినవా

ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లలో చెవి గిన్నె వెనుక గోడ ఉండదు, జాలీ మాత్రమే ఉంటుంది. ఈ పద్ధతిని 1968లో సెన్‌హైజర్ సంస్థ హెచ్‌డీ 414 అనే నమూనాతో విపణిలోకి తెచ్చింది. ధ్వని గిన్నెలో తిరిగి తిరిగి మోగకుండా బయటికి పోతుంది కాబట్టి పాట తల లోపల ఇరుక్కున్నట్లు కాక కాస్త చుట్టూ పరచుకున్నట్లు వినిపిస్తుంది, చెవులకు గాలి కూడా ఆడుతుంది. అయితే బయటి చప్పుడంతా లోపలికి వస్తుంది, లోపలి పాట బయటికి పోతుంది. పక్కనే నిద్రపోతున్న వారికి మీ కచేరీ మొత్తం దోమ పాటలా వినిపిస్తుంది. క్లోజ్డ్ బ్యాక్ రకంలో గిన్నె మూసి ఉంటుంది. అది మాటలు, హారన్లు, గిన్నెల చప్పుడు వంటి మధ్యమ, ఎత్తైన ధ్వనులను బాగానే తగ్గిస్తుంది కానీ ఫ్యాను, లారీ ఇంజను వంటి మంద్ర ధ్వనులను అంతగా ఆపలేదు. మూడో రకం చెవి రంధ్రంలో అమరే ఇయర్‌ఫోన్లు. అభిరుచి ఉన్నవారు వీటిని ఐఈఎమ్‌లు అంటారు. చెవికి సరిగ్గా పట్టే రబ్బరు టిప్ దొరికితే ఫ్యాను హోరును ఈ మూడింటిలో బాగా అడ్డగించేవి ఇవే, చెవుల చుట్టూ చెమట పట్టించనివీ ఇవే.

కాబట్టి నా తీర్పు ఇది. ఏసీ గదిలోనో, రాత్రి పది దాటాక ఫ్యాను తక్కువ వేగంలోనో ఒంటరిగా వినేవారు నిస్సంకోచంగా ఓపెన్ బ్యాక్ తీసుకోవచ్చు. పగలు, నలుగురి మధ్య, హాల్లో వినేవారికి క్లోజ్డ్ బ్యాక్ తగినది. మొత్తం ఖర్చు మూడు వేలు దాటకూడదనుకునేవారు, ఫ్యాను కింద తప్ప వినలేనివారు పెద్ద హెడ్‌ఫోన్ల ఆలోచన మానుకొని రెండు వేలకు అటూ ఇటూ దొరికే తీగ ఉన్న ఐఈఎమ్ తీసుకోవడం మేలు. మూన్‌డ్రాప్ చు, సెవెన్ హెర్ట్జ్ జీరో వంటివి ఆ ధరకు ఇచ్చే ధ్వని పదేళ్ళ క్రితం అయిదారు రెట్లు పెట్టినా దొరికేది కాదని నా అనుభవం.

డబ్బు పంపకం

పదిహేను వేలు పక్కన పెట్టారనుకుందాం. అందులో పన్నెండు వేలకు తగ్గకుండా హెడ్‌ఫోన్లకే కేటాయించండి. వెయ్యి, రెండు వేలు ఫోనుకూ హెడ్‌ఫోన్లకూ మధ్య తగిలించే చిన్న డాంగిల్‌కు, మిగిలినది రెండేళ్ళ తరువాత కొనవలసిన ఇయర్‌ప్యాడ్లకు ఉంచండి. ఈ పంపకం ఏకపక్షంగా కనిపించవచ్చు కానీ దీనికి కారణం స్పష్టమైనది. రెండు వేర్వేరు హెడ్‌ఫోన్లను పోల్చినప్పుడు బాస్‌లోనో ట్రెబుల్‌లోనో అయిదు నుంచి పది డెసిబెల్‌ల తేడా ఉండటం మామూలే. అంత తేడాను ఎవరి చెవి అయినా మొదటి నిమిషంలోనే పసిగడుతుంది. డాంగిల్ లోపల ఉండే, అంకెలను ధ్వని సంకేతంగా మార్చే డ్యాక్‌ల విషయం అలా కాదు. బాగా రూపొందించిన వెయ్యి రూపాయల డ్యాక్‌కూ యాభై వేల డ్యాక్‌కూ మధ్య తేడాలు యంత్రంతో కొలిస్తే కనిపిస్తాయి తప్ప, వాల్యూమ్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే గుర్తుపట్టడం చాలా కష్టం.

నేను మాత్రం ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా మొదలుపెట్టాను. ఒక దుకాణదారు మాట మీద, ఉన్న పాత హెడ్‌ఫోన్లు మెరుగుపడతాయన్న ఆశతో, ముందు యాంప్లిఫయర్ కొన్నాను. పాట పెద్దగా వినిపించింది, అంతే. పెద్దగా వినిపించిన ప్రతిదీ కొంతసేపు మెరుగ్గానే తోస్తుంది. ఆ మోజు వారం నిలిచింది.

ఎంపిక: తల, కళ్ళజోడు, బరువు, ఆ తరువాతే ధ్వని

ఓపెన్ బ్యాక్‌లో ఈ ఖర్చు పరిధికి దగ్గరలో నేను ముందుగా చూడమని చెప్పేది సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్. 2020లో వచ్చిన ఈ నమూనా బరువు సుమారు 240 గ్రాములు, ఇంపెడెన్స్ (కరెంటుకు ఇచ్చే అడ్డు) 120 ఓమ్‌లు, ప్యాడ్లు వెల్వెట్ లాంటి మెత్తని గుడ్డవి. గాత్రం సహజంగా ఉంటుంది, బాస్ ఉండవలసినంత ఉంటుంది కానీ గుండెల మీద గుద్దేలా ఉండదు. హైఫైమన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ ప్లానార్ రకానికి, అంటే పలుచని చదునైన పొరతో ధ్వని పుట్టించే రకానికి చెందినది, ధ్వనిలో మంచి శుభ్రత ఉంటుంది. కానీ దాని బరువు 390 గ్రాములు. మే నెల రాత్రి గంటన్నర పెట్టుకొని కూర్చోవలసిన వస్తువు అని గుర్తుంచుకొని నిర్ణయించుకోండి. క్లోజ్డ్ బ్యాక్‌లో ఆడియో టెక్నికా ఎం40ఎక్స్ సమతుల్యమైనది. దాని అన్న వంటి ఎం50ఎక్స్ కాస్త ఉత్సాహంగా మోగుతుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో గట్టి కట్టడానికి పేరుపొందినది, గుడ్డ ప్యాడ్లతో వచ్చే రూపం మన వాతావరణానికి అనువైనది. అయితే దాని ట్రెబుల్ కొంత పదునుగా ఉంటుంది. అది 32, 80, 250 ఓమ్‌ల రూపాల్లో వస్తుంది కాబట్టి ఆర్డరు పెట్టే ముందు పెట్టె మీది అంకె చూసుకోండి. చిన్న ఖర్చులో చెప్పుకోవలసిన మరొకటి కాస్ పోర్టా ప్రో. 1984 నుంచి దాదాపు అదే రూపంలో తయారవుతున్న ఈ తేలికపాటి హెడ్‌ఫోన్లు చూడటానికి ఆటవస్తువులా ఉన్నా గాత్రాన్ని ఎంతో ఆత్మీయంగా వినిపిస్తాయి.

ధరలు నెలనెలా మారుతుంటాయి, పండుగ అమ్మకాల్లో బాగా పడిపోతాయి కాబట్టి ఇక్కడ అంకెలు వేయడం లేదు. దసరా, దీపావళి మధ్య కొనగలిగితే అదే డబ్బుకు ఒక మెట్టు పైది రావడం నాకు రెండుసార్లు అనుభవమైంది.

కళ్ళజోడు ఉన్నవారు ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ల బాస్ అంతా ప్యాడ్ చెంపకు సందు లేకుండా అతుక్కోవడం మీద ఆధారపడి ఉంటుంది. కళ్ళజోడు కాడ మందంగా ఉంటే ప్యాడ్ కింద చిన్న సందు ఏర్పడి, మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమ) పక్క నాదం సగానికి సగం పోతుంది. కొన్నవారు వస్తువును తిట్టుకుంటారు, తప్పు మాత్రం కాడది. కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకొని ఒకసారి అదే పాట వింటే తేడా ఎంతో తెలిసిపోతుంది. ఐఈఎమ్‌లలో ఇదే పాత్ర రబ్బరు టిప్‌ది. పెట్టెలో వచ్చిన మూడు సైజులూ పెట్టి చూడండి, కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి మరొక సైజు సరిపోవడంలో వింతేమీ లేదు.

విని కొనగలిగితే అంతకంటే మంచిది లేదు. డాబాగార్డెన్స్, జగదాంబ, ద్వారకానగర్ ప్రాంతాల ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో బ్లూటూత్ రకాలే ఎక్కువగా కనిపిస్తాయి. స్టూడియో రకాల కోసం సంగీత వాయిద్యాలు, మైకులు, మిక్సర్లు అమ్మే దుకాణాల్లో అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువు ఉన్న చోటే, జీఎస్‌టీ బిల్లుతోనే కొనండి. పేరున్న నమూనాలకు నకిలీలు ఉన్నాయి. మిగతా అందరికంటే మరీ తక్కువ ధర కనిపిస్తే సంతోషించడానికి ముందు అనుమానించండి.

పరీక్షకు ఏం వినాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. మీకు కంఠస్థమైన పాటలే వినండి. నా పద్ధతి చెబుతాను. ముందుగా తంబూరా శ్రుతి ఒక్కటే ఉన్న ఆలాపన భాగం వింటాను. తీగ మీటిన తరువాత పైన సన్నగా తేలే జీవాళి వినిపించాలి, అయితే అది ఇసుక రాలినట్లు గరగరలాడకూడదు. తరువాత మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం. తొప్పి మోత కుడి పక్క నాదాన్ని మింగకూడదు, రెండు చేతులూ వేరువేరుగా తెలియాలి. మూడోది దగ్గరగా మైకు పెట్టి పాడిన సినిమా గాత్రం. శ, ష, స అక్షరాలు వచ్చిన ప్రతిసారీ చెవిలో పిన్నుతో గుచ్చినట్లుంటే ఆ హెడ్‌ఫోన్లను అరగంటకు మించి భరించలేరు. కళాభారతి ఆడిటోరియంలో ఏదైనా కచేరీ ముందు వరుసల్లో కూర్చొని విని వచ్చిన రాత్రే ఈ పరీక్ష చేస్తే, చెవిలో అసలు వయొలిన్ ఇంకా ఉంటుంది కాబట్టి అబద్ధం తొందరగా బయటపడుతుంది. రెండింటిని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండేలా చూసుకోండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నది కూడా మెరుగ్గా తోస్తుంది.

యాంప్లిఫయర్ అవసరమా అన్న లెక్క

ఈ ఒక్క విషయంలో మాటలకంటే కూడికలు ఎక్కువ మేలు చేస్తాయి. హెడ్‌ఫోన్ల పెట్టె మీద రెండు అంకెలు ఉంటాయి: ఒకటి ఓమ్‌లలో ఇంపెడెన్స్, రెండోది డెసిబెల్‌లలో సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన విద్యుత్తుకు ఎంత గట్టిగా మోగుతాయన్నది. రెండో అంకె ఒక్క మిల్లీవాట్ శక్తికి చెప్పారా, ఒక్క వోల్టుకు చెప్పారా అన్నది ముందుగా చూడాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే సగం గందరగోళం. వోల్టేజీని దానితోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే శక్తి వస్తుంది. ఒక్క వోల్టు ఇస్తే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు సుమారు 31 మిల్లీవాట్లు తీసుకుంటాయి, 300 ఓమ్‌లవి 3.3 మిల్లీవాట్లు మాత్రమే తీసుకుంటాయి. శక్తి పదింతలైతే ధ్వని పది డెసిబెల్‌లు పెరుగుతుంది. కాబట్టి మిల్లీవాట్ లెక్కలో ఉన్న సెన్సిటివిటీని వోల్టు లెక్కలోకి మార్చడానికి 32 ఓమ్‌లకు 15, 300 ఓమ్‌లకు 5 కలిపితే చాలు.

ఇప్పుడు ఉదాహరణ. 32 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 91 డెసిబెల్‌లు ఉన్న ప్లానార్ హెడ్‌ఫోన్లు ఒక్క వోల్టుకు సుమారు 106 డెసిబెల్‌లు ఇస్తాయి. 300 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 98 ఉన్నవి 103 ఇస్తాయి. ఆపిల్ సంస్థ అమ్మే చిన్న యూఎస్‌బీ‑సీ డాంగిల్ దాదాపు ఒక్క వోల్టు ఇస్తుంది (ఐరోపాలో అమ్మే రూపం అందులో సగమే ఇస్తుంది). మనం ఇంట్లో హాయిగా వినే సగటు స్థాయి 70, 75 డెసిబెల్‌లు. కచేరీ రికార్డింగుల్లో మృదంగం దెబ్బ వంటి శిఖరాలు సగటుకు ఇరవై డెసిబెల్‌లు పైన ఉంటాయనుకుంటే 95 కావాలి. రెండు సందర్భాల్లోనూ డాంగిల్ దగ్గర ఇంకా మిగులు ఉంది. 300 ఓమ్‌లు అనగానే పెద్ద యాంప్లిఫయర్ లేనిదే పలకవన్న భయం ఈ కూడికతో చాలావరకు తీరిపోతుంది. నిజానికి కరెంటు ఎక్కువ లాగేవి తక్కువ ఓమ్‌లవే: ఒక్క వోల్టుకు 32 ఓమ్‌లవి 31 మిల్లీయాంపియర్లు తీసుకుంటే 300 ఓమ్‌లవి మూడుకు కొంచెం పైన తీసుకుంటాయి. నాసిరకం డాంగిల్ అలసిపోయేది అక్కడే.

మీ లెక్కలో 95కు పైన ఏడెనిమిది డెసిబెల్‌ల మిగులు కూడా లేకపోతే, లేదా కచేరీల పాత, మెల్లని రికార్డింగులే మీకు ప్రధానమైతే, రెండు వోల్టులు ఇచ్చే కాస్త పెద్ద డాంగిల్ తీసుకోండి. వోల్టేజీ రెట్టింపైతే ఆరు డెసిబెల్‌లు కలుస్తాయి. ఆ పైన బల్ల మీద పెట్టుకునే యాంప్లిఫయర్‌కు నా లెక్కలో ఒక్కటే న్యాయమైన కారణం ఉంది: చేతికి అందే మంచి గుండ్రని వాల్యూమ్ నాబ్. దాని సుఖం దానిదే, కాదనను.

ఒక్క జాగ్రత్త ఉంది. పాత స్టీరియో రిసీవర్ ఇంట్లో ఉంటే దాని హెడ్‌ఫోన్ జాక్ వాడవచ్చు గానీ, వాటిలో కొన్నింటి సొంత ఇంపెడెన్స్ వంద ఓమ్‌లు దాటుతుంది. హెడ్‌ఫోన్ల ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. అది మించితే, హెడ్‌ఫోన్లలో ధ్వని పుట్టించే డ్రైవర్ ఇంపెడెన్స్ ఎక్కువగా ఉండే బాస్ ప్రాంతంలో ధ్వని అనవసరంగా ఉబ్బి, మృదంగం డ్రమ్ములా మోగుతుంది. ఇంకొక మాట: ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్నింటిలో ఆపిల్ డాంగిల్ తన పూర్తి వాల్యూమ్ ఇవ్వదు. మీ ఫోనుకు అదే సమస్య ఉంటే వేరే సంస్థ డాంగిల్ తీసుకోండి.

పాట ఎక్కడి నుంచి వస్తోంది

సీడీ ప్రమాణమైన 16 బిట్‌లు, 44.1 కిలోహెర్ట్జ్‌లు ఇంట్లో వినడానికి సంపూర్ణంగా సరిపోతాయి. పదహారు బిట్‌లు ఇచ్చే 96 డెసిబెల్‌ల విస్తారం ఫ్యాను తిరిగే గదిలో ఎప్పటికీ పూర్తిగా వాడుకోలేము. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్ (కుదించినా ఏమీ కోల్పోని ధ్వని) ఇస్తోంది, యూట్యూబ్ మ్యూజిక్ గరిష్ఠంగా 256 కేబీపీఎస్ ఇస్తుంది. ఈ రెండో స్థాయి కూడా చాలా మందికి తేడా తెలియనంత మంచిదే. ఏ యాప్ అయినా సెట్టింగుల్లోకి వెళ్ళి నాణ్యతను అత్యధికానికి మార్చండి, డేటా ఆదా చేసే మీట ఆపండి. ఈ ఒక్క పని చేయకుండా డ్యాక్‌ల గురించి చర్చించేవారిని చూశాను.

పాత తెలుగు పాటల విషయంలో ఆశలు అదుపులో ఉండాలి. 78 ఆర్‌పీఎం రికార్డుల నాటి ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్‌ను లాస్‌లెస్‌లో విన్నా అసలు రికార్డులో లేని ఎత్తైన ధ్వనులు కొత్తగా పుట్టవు. ఏభైల, అరవైల నాటి సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోలో ఉన్నవి. అవి హెడ్‌ఫోన్లలో తల మధ్యలో ఒకే చోట కూర్చున్నట్లు వినిపించడం సహజం, అది మీ అమరిక లోపం కాదు. గాత్రం ఒక చెవిలో, వాద్యాలు మరొక చెవిలో విడిపోయిన తొలినాటి స్టీరియో పాటలకు మాత్రం క్రాస్‌ఫీడ్ అనే సదుపాయం ఉపకరిస్తుంది. అది ఒక చెవి ధ్వనిని కొద్దిగా రెండో చెవికి కలుపుతుంది. కంప్యూటరులో ఫూబార్2000 అనే ప్లేయర్ వాడేవారు దానిని ఉచితంగా చేర్చుకోవచ్చు. ఇంట్లో సీడీలు మిగిలి ఉంటే వాటిని ఫ్లాక్ అనే లాస్‌లెస్ ఫైళ్ళుగా మార్చి దాచుకోండి. విశాఖ తేమలో సీడీ అంచుల నుంచి పొర పాడైన వాటిని నేను చేతులారా పారేశాను.

బ్లూటూత్ గురించి ఎక్కువ చెప్పను. సౌకర్యం నిజమే, ఎల్‌డ్యాక్ వంటి కోడెక్‌లతో (పాటను కుదించి పంపే పద్ధతులతో) నాణ్యతా బాగుంటుంది. కానీ అదే ధరలో కొంత డబ్బు బ్యాటరీకి, చిప్‌కు పోతుంది, ఆ బ్యాటరీ కొన్నేళ్ళకు చచ్చిపోతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు ప్యాడ్లు మార్చుకుంటూ పదిహేనేళ్ళు పనిచేస్తాయి. వంటింట్లో, మేడ మీద తిరుగుతూ వినడానికి ఒకటి చవకది ఉంచుకోండి, కూర్చొని వినడానికి కాదు.

ఖర్చు లేని మెరుగు: ఈక్వలైజర్

బాస్, ట్రెబుల్ వంటి వాటిని విడివిడిగా పెంచి తగ్గించే సాధనమే ఈక్వలైజర్. హెడ్‌ఫోన్లు ఎలా మోగితే ఎక్కువ మంది ఇష్టపడతారన్న విషయంపై హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్ బృందం చేసిన పరిశోధనల నుంచి వచ్చిన రేఖనే హార్మన్ కర్వ్ అంటారు. ఆటోఈక్యూ అనే ఉచిత సేకరణలో వేలాది నమూనాల కొలతలు, వాటిని ఆ రేఖకు దగ్గర చేసే సవరణలు సిద్ధంగా ఉన్నాయి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే యాప్‌లు ఆ సవరణలను వాడుకోగలవు. మీ నమూనా పేరు వెతికి ఫైలు ఎక్కించడానికి పది నిమిషాలు చాలు.

అయితే దానిని వేదవాక్యంగా తీసుకోకండి. బాస్, మధ్యమ ధ్వనుల సవరణలు నమ్మదగినవి. ఎనిమిది, తొమ్మిది వేల హెర్ట్జ్‌ల పైన చెవి ఆకారాన్ని బట్టి మనిషి మనిషికీ తేడా వస్తుంది కాబట్టి అక్కడి సన్నని సవరణలు మీకు పనికిరాకపోవచ్చు. శ, స లు గుచ్చుకుంటే ఆరు నుంచి తొమ్మిది వేల మధ్య రెండు మూడు డెసిబెల్‌లు తగ్గించి చూడండి, బాస్ తక్కువనిపిస్తే వంద హెర్ట్జ్‌ల కింద మూడు నాలుగు పెంచండి. ఎక్కడ ఎంత పెంచితే ప్రీయాంప్ అనే చోట అంత తగ్గించడం మరచిపోకూడదు. లేకపోతే పెద్ద దెబ్బల దగ్గర ధ్వని చిట్లుతుంది. యాంప్లిఫయర్ లెక్కలో మిగులు ఉంచుకోమన్నది ఈ తగ్గింపు కోసమే. సవరించాక వారం రోజులు ముట్టుకోకుండా వినండి. రోజూ తిప్పేవారికి ఏ అమరికా ఎప్పటికీ కుదరదు.

ఉప్పుగాలి, చెమట, కరెంటు

లాసన్స్ బే, బీచ్ రోడ్డు, పెదవాల్తేరు ప్రాంతాల్లో ఉండేవారికి ఇనుప గ్రిల్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో చెప్పనక్కరలేదు. హెడ్‌ఫోన్ పిన్నుకూ, విడదీయగలిగే కేబుల్ చివరలకూ అదే గతి. ఒక చెవిలో పాట వచ్చి పోతుంటే, తిప్పితే కరకరలాడుతుంటే, డ్రైవర్ పోయిందని కంగారు పడకండి. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదికి కాస్త అద్ది పిన్ను తుడిచి, ఆరాక పదిసార్లు గుచ్చి తీయండి. చాలాసార్లు జబ్బు అక్కడితో పోతుంది. వినడం అయ్యాక ప్యాడ్లను పొడి గుడ్డతో తుడిచి, అరగంట గాలికి ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లం వేసిన మూత గట్టి డబ్బాలో పెట్టండి. చెమటతో ఉన్నవాటిని నేరుగా డబ్బాలో పెడితే మాత్రం బూజును పెంచి పోషించినట్లే. రంగు మారిన సిలికా జెల్‌ను పెనం మీద సన్నని సెగన వేడి చేస్తే తిరిగి పనికొస్తుంది.

లెదర్ లాంటి నల్లని ప్యాడ్లు చాలావరకు పాలీయురెథేన్ పూత వేసినవి. తేమ ఆ పూతను రసాయనికంగా విరగ్గొడుతుంది కాబట్టి మన ఊళ్ళో అవి రెండు మూడేళ్ళలో పొరలు పొరలుగా రాలి చెంపలకు అంటుకుంటాయి. అందుకే కొనేముందే ఆ నమూనాకు విడి ప్యాడ్లు దొరుకుతాయో లేదో చూసుకోండి, వీలుంటే గుడ్డ ప్యాడ్లే తీసుకోండి. ప్యాడ్ మార్చితే ధ్వని కూడా మారుతుంది. క్లోజ్డ్ బ్యాక్‌లో లెదర్ తీసి గుడ్డ వేస్తే సాధారణంగా బాస్ తగ్గుతుంది.

ల్యాప్‌టాప్‌తో వినేటప్పుడు సన్నని గుయ్‌మనే శబ్దం వస్తే ముందుగా ఛార్జర్ తీసి చూడండి. ఆగిపోతే దోషం ఎర్తింగ్‌లోనో ఛార్జర్‌లోనో ఉంది, డ్యాక్‌లో లేదు. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉన్న సాకెట్టు వాడితే సాధారణంగా పోతుంది. పోకపోతే బ్యాటరీ మీదే వినండి. ఫ్యాను తక్కువ వేగంలో ఉన్నప్పుడు గుర్రుమంటుంటే మాత్రం కారణం రెగ్యులేటర్ కావచ్చు. సన్నగా, ఆగకుండా తిరిగే నాబ్ ఉన్న రకాలు ఈ రొద చేస్తాయి. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం వేయిస్తే కొన్ని వందల రూపాయలతో గది నిశ్శబ్దమవుతుంది. ఓపెన్ బ్యాక్ వాడేవారికి అంత చవకైన మెరుగు మరొకటి లేదు.

వాల్యూమ్ గుర్తు

అన్నీ అమర్చాక మిగిలిన పని ఇదొక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు వారానికి 80 డెసిబెల్‌ల వద్ద నలభై గంటలు వినవచ్చు. ప్రతి మూడు డెసిబెల్‌ల పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది, అంటే 89 వద్ద అయిదు గంటలు మాత్రమే. పిల్లలకు ఆ పరిమితి 75 వద్దే మొదలవుతుంది. చెవికి అలవాటైన కొద్దీ వాల్యూమ్ తెలియకుండానే పైకి పోతుంది, ఫ్యాను వేగం పెంచిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. అందుకని ఒక రాత్రి ఫ్యాను ఆపి, గది సద్దుమణిగాక, మీకు తెలిసిన ఒక గాత్ర కచేరీ పెట్టి, గాయకుడు ఎదురుగా కూర్చొని పాడుతున్నంత స్థాయికి వాల్యూమ్ తెచ్చి, ఆ చోటు నాబ్ మీద చిన్న చుక్కతోనో, ఫోనులో అయితే అంకెతోనో గుర్తుపెట్టుకోండి. ఫ్యాను తిరుగుతున్నప్పుడు ఆ గుర్తుకు రెండు మెట్లు పైకి వెళ్ళినా పాట చాలడం లేదనిపిస్తే, వాల్యూమ్ అక్కడే వదిలేసి ఫ్యాను ఒక నంబరు తగ్గించండి, లేదా ఆ రాత్రికి ఐఈఎమ్ పెట్టుకోండి.